మేకు అలాగే ఉండాలి, బొమ్మ మారాలి

యానాం మెట్టకూరులో మా ఇంటి హాలుగోడ మీద మొన్న వేసవి దాకా ఒక పటం ఉండేది. మా పెద్దాడు అయిదేళ్ళప్పుడు క్రేయాన్లతో వేసిన బొమ్మ. యానాం నుంచి ఎదుర్లంక వెళ్ళే బాలయోగి వంతెన, దాని కింద బోటు, బోటు కింద నీళ్ళలో తొమ్మిది చేపలు. ఒక్కో చేప వంతెన స్తంభం కన్నా లావు. ముచ్చటపడి పటాలు కట్టే కొట్టుకి పట్టుకెళ్ళి ఇచ్చాను. వారం పోయాక బంగారురంగు అంచుతో, అద్దంతో తయారై వచ్చింది. ఇంటికొచ్చి చూసుకుంటే చేపలు ఏడే ఉన్నాయి. ఫ్రేము కొలతకి కాగితం పెద్దదైందని కొట్టాయన ఒక పక్క కత్తిరించేశాడు. మళ్ళీ వెళ్ళి అడిగితే, "రెండంగుళాలే కదండీ, అటుపక్క ఏం లేదు, నీళ్ళే" అన్నాడు.

మావాడు పటం ముందు నిలబడి వేలితో లెక్కపెట్టుకుని, "నా చేపలేవీ?" అన్నాడు. ఏం చెప్తాను?

తరవాత ఆరేళ్ళపాటు ఆ పటం అక్కడే వేలాడింది. ఒక పక్క వెంకటేశ్వరస్వామి, ఇంకో పక్క దండ వేసిన మా మావగారు, మధ్యలో ఏడు చేపలు. వాడికి పదకొండేళ్ళొచ్చాయి. స్నేహితులు ఇంటికొస్తే వాడు ఆ గోడకే వీపు ఆనించి నిలబడేవాడు, పటం కనబడకుండా. మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆరోతరగతి పిల్లాడికి తను ఒకటోతరగతికి ముందు వేసిన బొమ్మ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పెళ్ళిచూపుల్లో మన బోసినవ్వు ఫోటో తీసి చూపించినట్టు ఉంటుంది.

తప్పు కొట్టాయనది ఒక్కడిదే కాదు. మన ఇళ్ళలో పటం కట్టించేది వేటికి? దేవుళ్ళకి, పోయినవాళ్ళకి, పెళ్ళి ఫోటోకి, డిగ్రీ పట్టాకి. ఇక మారవని తేలిపోయినవాటికి. పిల్లల బొమ్మ అలాంటిది కాదు. ఇవాళ మనిషికి తలలోంచే కాళ్ళొస్తాయి, ఆర్నెల్లు తిరిగేసరికి పొట్ట వస్తుంది, ఇంకో ఏడాదికి చొక్కా గుండీలు కూడా వస్తాయి. గోడ మీద మాత్రం తలలోంచి కాళ్ళొచ్చిన మనిషే ఉండిపోతాడు.

సరైన పద్ధతి మా వాకిట్లోనే రోజూ జరుగుతుంటే నేను చాలా కాలం గమనించలేదు. మా అత్తగారు తెల్లవారగట్లే లేచి నిన్నటి ముగ్గు ఊడ్చేసి, కళ్ళాపి జల్లి, కొత్తది వేస్తారు. ఒక కనుమకి ఆవిడ వేసిన రథం ముగ్గు చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. మర్నాడు పొద్దున్నే చీపురు తీసుకుంటుంటే ప్రాణం ఉసూరుమని, "ఇవాళ్టికి ఉంచండి అత్తయ్యగారూ" అన్నాను. "ఉంచితే ఇవాళ్టిది ఎక్కడ వెయ్యనే?" అన్నారు ఆవిడ, చీపురు ఆపకుండానే.

ఈ అధ్యాయంలో నేను చెప్పే పనులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి. పిల్లల బొమ్మలు పెట్టడానికి మార్గాలు వందున్నాయి. వాటిలో తీయడానికి సులువుగా ఉన్నవే నేను లెక్కలోకి తీసుకుంటాను. బొమ్మ మార్చాలంటే స్టూలెక్కి, మేకు పీకి, టేపు గీకి, పెచ్చులూడిన గోడని చూసి తిట్టుకోవాల్సొస్తే, మీరు రెండోసారి మార్చరు. నేనూ మార్చలేదు.

ముందు నేల మీద కూర్చోండి

ఏదైనా కొనేముందు, మేకు కొట్టేముందు, హాల్లో ఒక పీట వేసుకుని కూర్చోండి. నాలుగేళ్ళ పిల్ల కళ్ళు ఇంచుమించు మూడడుగుల ఎత్తులో ఉంటాయి. అక్కణ్ణించి మీ ఇల్లు ఎలా కనిపిస్తుందో చూడండి. పటాలన్నీ ఆకాశంలో ఉంటాయి. స్విచ్చుబోర్డు కింది అంచు కనిపిస్తుంది. బల్ల అడుగు కనిపిస్తుంది. మనం పిల్లల బొమ్మని మన కళ్ళ ఎత్తున పెట్టి "చూశావా, నీ బొమ్మ పెట్టాం" అంటే వాళ్ళు మెడ రిక్కించి దాన్ని దేవుడి పటంలాగే చూస్తారు. చేతికి అందదు, సరిచెయ్యలేరు, తీసి అమ్మమ్మకి చూపించలేరు.

గోడని పిల్లల కోసం వాడిన ఊరొకటి ఇటలీలో ఉంది, రెజ్జో ఎమీలియా. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక అక్కడి తల్లిదండ్రులు పసిపిల్లల బళ్ళు కట్టుకున్నారు. లోరిస్ మలగుత్సి అనే ఉపాధ్యాయుడు వాళ్ళతో కలిసి పనిచేశాడు. ఇవాళ ప్రపంచంలో పసిపిల్లల చదువు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఆ ఊరి పేరెత్తుతారు. ఆ బళ్ళలో గోడలంటే అలంకారం కాదు. పిల్లలు వేసిన బొమ్మ పక్కనే, వేస్తున్నప్పుడు వాళ్ళన్న మాటలు రాసి పెడతారు. బొమ్మ ఒక్కటే చూస్తే పిచ్చిగీతలు. పక్కన మాట చదివితే, ఆ గీతల్లో ఒక ఆలోచన నడుస్తోందని తెలుస్తుంది.

ఎత్తు సంగతికొస్తే, నేను మా ఇంట్లో బొమ్మల వరసని నేలకి రెండున్నర నుంచి మూడున్నర అడుగుల మధ్య పెట్టాను. మా ఆయన రెండు రోజులు నవ్వారు, ఇల్లు మరుగుజ్జుల మ్యూజియంలా ఉందని. మూడోరోజు నించి ఆఫీసు నుంచి రాగానే నేల మీద చతికిలబడి కూర్చుని చూడటం మొదలెట్టారు. పక్కన మా చిన్నమ్మాయి కూర్చుని వివరించడం. ఆ పావుగంట కోసమైనా బొమ్మలు కిందే పెట్టాలంటాను.

ఇంట్లో ఉన్నవాటితోనే

మా ఊళ్ళో గోడలతో ఒక చిక్కుంది. ఇటు గోదారి గాలి, అటు సముద్రపు గాలి. వానాకాలంలో గోడ కింది భాగం చెమ్మెక్కుతుంది. సున్నం గోడకి టేపు నిలవదు. డిస్టెంపరు గోడకి నిలుస్తుంది గానీ తీసేటప్పుడు పెచ్చుతో సహా వస్తుంది. ఇనప గుండుసూదులు పెడితే నెల తిరక్కుండా తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. కాబట్టి పత్రికల్లో, ఫోన్లో చూపించే అందమైన గోడలు చూసి అవే సామాన్లు తెప్పించుకోకండి. అవి మన గాలికి తయారైనవి కావు.

నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చింది పరీక్ష ప్యాడ్. మనింట్లో పదోతరగతి దాటినవాళ్ళుంటే అటక మీద రెండో మూడో పడుంటాయి. పైన క్లిప్పు, కింద గట్టి అట్ట. అది పుట్టుకతోనే ఫ్రేము. కొన్నిటికి క్లిప్పు దగ్గరే తగిలించుకునే కన్నం ఉంటుంది, లేకపోతే పురికొస కట్టండి. మూడు మేకులు వరసగా కొట్టి మూడు ప్యాడ్లు తగిలించండి. వెనక అట్ట ఉంటుంది కనక గోడ చెమ్మ కాగితానికి తగలదు. బొమ్మ మార్చడానికి పిల్లకి రెండు క్షణాలు చాలు, క్లిప్పు బిగువుగా ఉంటే మొదట్లో మీరు నొక్కిపట్టుకోవాలి. క్లిప్పు తుప్పు కాగితానికి అంటకుండా మధ్యలో చిన్న తెల్లకాగితం మడిచి పెట్టండి. పాత ప్యాడ్ మీద సినిమా హీరో ఉంటే ఉండనివ్వండి, బొమ్మ వెనక ఆయనకేం కష్టం లేదు.

రెండోది బీరువా. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో బొమ్మ అంటించడం అమెరికా సినిమాల్లో చూసి మనమూ చేస్తున్నాం. మన ఫ్రిజ్ తలుపు చిన్నది, పైగా రోజుకి యాభైసార్లు తీసి వేస్తాం. ఇనప బీరువా పక్కభాగం ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ఖాళీగా పడుంటుంది. ఇంట్లో దానంత పెద్ద, అయస్కాంతం అంటుకునే పలక ఇంకోటి లేదు. పాడైపోయిన స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతాలకి గుడ్డ చుట్టి వాడండి, రంగు గీరుకోదు. బఠాణీగింజంత చిన్న అయస్కాంతాలు మాత్రం పసిపిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి. రెండు మింగితే పేగులో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ప్రాణం మీదికొస్తుంది.

మూడోది వల. యానాంలో పాత వల ముక్క దొరకడం ఓ లెక్క కాదు, అడిగితే మత్స్యకారుల ఇళ్ళల్లో ఊరికే ఇస్తారు. పెద్ద కళ్ళున్న నైలాను వల తీసుకోండి. సబ్బునీళ్ళలో నానబెట్టి మూడుసార్లు ఉతికి ఎండలో వెయ్యండి. రెండుసార్లతో సరిపెడితే హాల్లో కూర్చున్నంతసేపూ పులస గుర్తొస్తుంది, అనుభవంతో చెప్తున్నాను. పైన ఒక వెదురుబద్ద, కింద ఒక వెదురుబద్ద దూర్చి, కొబ్బరితాడుతో బిగించి కట్టండి. వదులుగా వదిలితే పాకే పిల్లలు చిక్కుకుంటారు. ఇక బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక గంపలో పోసి కింద పెట్టండి. తాడు కట్టి వరసగా బట్టలారేసినట్టు బొమ్మలు వేలాడదీయడం అందరికీ తెలుసు. వలతో సుఖం ఏమిటంటే వరస అక్కర్లేదు. ఏ కంటికైనా పెట్టొచ్చు. పొడుగు బొమ్మ పక్కన పొట్టిది, బొమ్మ పక్కన ఎండిన మడచెట్టు ఆకు, గవ్వ, ఈక. మా చిన్నది పైనంతా ఆకాశానికి సంబంధించినవీ కిందంతా నీటికి సంబంధించినవీ పెట్టింది. మధ్యలో మనుషులు. ఎవరూ చెప్పలేదు.

పాత క్యాలెండర్ల రేకుపట్టీ, చీరల అట్టపెట్టెల మూతలు, పెళ్ళిశుభలేఖల దళసరి అట్టలు కూడా పనికొస్తాయి, మీరే కనిపెడతారు. యానాం చుట్టుపక్కల ఇళ్ళలో ఒకప్పటి టైల్స్ ఫ్యాక్టరీ పుణ్యమా అని మిగిలిపోయిన టైలు ముక్కలు ఇప్పటికీ పెరట్లో పడుంటాయి. వాటిమీద మట్టిబొమ్మలు నిలబెట్టుకోవచ్చు. వినాయకచవితికి పిల్లలు చేసిన ఎలుకలు మా కిటికీగట్టు మీద అలాంటి టైలు మీదే నాలుగు నెలలు బతికాయి.

చెయ్యకూడనివి నాలుగు చెప్పి ముందుకెళ్తాను. క్రేయాన్ అంటే మైనం. దాన్ని లామినేషన్‌కి ఇస్తే వేడికి కరిగి రంగులన్నీ కలిసిపోతాయి. అద్దానికి ఆనించి పటం కట్టిస్తే మన రోహిణీకార్తె ఎండలకి మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. స్కెచ్‌పెన్నులతో వేసినవి ఎండ తగిలేచోట పెడితే రెండు మూడు నెలల్లో వెలిసిపోతాయి, వాటికి నీడగోడ చూడండి. మైదాజిగురుతో అట్టకి అంటించకండి. మనకి జిగురు, బొద్దింకలకి భోజనం.

ఎన్ని, ఎక్కడ

ఉత్సాహం వస్తే మనం ఆగం. ఇల్లంతా అంటిస్తాం. పిల్లలు చదువుకునే చోటు మాత్రం వదిలెయ్యండి. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 24 మంది పసిపిల్లలకి సైన్సు పాఠాలు చెప్పి చూసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. కొన్ని పాఠాలు గోడల నిండా చార్టులూ బొమ్మలూ ఉన్న గదిలో, కొన్ని ఖాళీగోడల గదిలో. ఖాళీ గదిలో చెప్పిన పాఠాల మీద ప్రశ్నలకి పిల్లలు నూటికి 55 సరిగ్గా చెప్తే, బొమ్మల గదిలో చెప్పినవాటికి 42 చెప్పారు. చిన్న ప్రయోగమే. కానీ టీవీ మోగుతున్న ఇంట్లో హోంవర్కు చేయించిన ఏ తల్లికీ ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

మా ఇంట్లో లెక్క మూడు ప్యాడ్లు, ఒక వల, బీరువా ఒక పక్క. అంతే. కొత్తది పెట్టాలంటే పాతది దిగాలి. ఆదివారం పొద్దున్న ఇడ్లీలు తిన్నాక మార్పిడి. ముందు ఫలానా రోజని పెట్టలేదు, "ఎప్పుడు వీలైతే అప్పుడు" అనుకున్నాను. రెండు నెలలు వీలు కాలేదు.

ఎవరు ఎంచాలి

ఇది అన్నిటికన్నా కష్టమైంది, మనకి. పిల్లలకి కాదు.

మా చిన్నది ఒక వారం రెండు బొమ్మలు తెచ్చింది. ఒకటి నదీతీరంలో శివలింగం మీద నీళ్ళు పోసే ఏనుగులు. తొండాలూ నీళ్ళూ చక్కగా వచ్చాయి. రెండోది నల్లరంగుతో కాగితం మొత్తం రుద్దేసి, మూలన చిన్న పసుపుచుక్క. నేను ఏనుగుల బొమ్మ అందుకుని ప్యాడ్ దగ్గరికి వెళ్తుంటే, "అది కాదు, ఇది" అని నల్లకాగితం ఇచ్చింది. లోపల్లోపల మూలిగి, ఏమీ అనకుండా అదే పెట్టాను. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి పక్కన కూర్చుంటే చెప్పింది. మొన్న గాలివానకి కరెంటు పోయిన రాత్రట. ఆ పసుపుచుక్క మామ్మ వెలిగించిన దీపమట. మామ్మ ఎక్కడుందీ అంటే, "చీకట్లో కనబడదు కదా, కానీ ఉంది" అంది.

నేను ఎంచుంటే మా ఇంట్లో ఏనుగులుండేవి.

బొమ్మ చేతికివ్వగానే "ఏంటే ఇది?" అని అడక్కండి. అడిగామంటే అది ఏమిటో తెలియలేదని చెప్పినట్టే. "అబ్బ, ఎంత బాగుందో" అని పొయ్యి దగ్గర్నించే అరవకండి, తల తిప్పకుండా మెచ్చుకోవడం పిల్లలు ఇట్టే పట్టేస్తారు. "దీని సంగతేంటో చెప్పు" అని పక్కన కూర్చుంటే చాలు.

గోడని బహుమతిగా మార్చకండి. "బాగా వేస్తే పెడతాను" అనే మాట మన నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో! 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వశాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో బొమ్మలంటే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళయ్యాక బళ్ళో రంగుపెన్నులు మామూలుగా పెట్టి చూస్తే, ముందే ఆశచూపించిన పిల్లలు మిగతావాళ్ళు వేసేదాంట్లో సగంసేపే బొమ్మలు వేశారు. బహుమతి కోసం చేసే పని, బహుమతి లేకపోతే పని కాకుండా పోయింది. పోటీలకి పంపొద్దని నేననను. ఇంటి గోడ పోటీ కాకూడదు. అక్క బొమ్మ పెట్టి తమ్ముడిది పెట్టకపోవడం, చుట్టాల పిల్లల బొమ్మతో పోల్చడం, ఇవి ఒక్కసారి చేస్తే చాలు, ఆ గోడ దగ్గరికి మళ్ళీ రారు.

వల మీద పెద్దవాళ్ళకీ ఒక మూల ఇవ్వండి. మా అత్తగారు చుక్కల పుస్తకంలోంచి ఒక ముగ్గు కాగితం మీద దించి క్లిప్పు పెట్టారు. చిన్నది అది చూసి మామ్మతో పాటు వాకిట్లోకి వెళ్ళడం మొదలెట్టింది. ఎంత పొద్దున్నే లేస్తోందో చెప్తే దిష్టి తగులుతుంది.

వెనక రాసి పెట్టుకోండి

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో, 1913లో, ఫ్రాన్సులో జార్జ్ హెన్రీ లూకే అనే ఆయన ఒక పుస్తకం వేశాడు. ఆ పుస్తకం మొత్తం తన కూతురు సిమోన్ వేసిన బొమ్మల మీదే. ఏళ్ళ తరబడి ఆ పిల్ల గీసిన వందలకొద్దీ బొమ్మలు దాచి, ఒక్కోటీ పరిశీలించాడు. పిల్లలు కంటికి కనిపించింది కాదు, తమకి తెలిసింది గీస్తారని తరవాత ఆయన వివరించాడు. బోటు బొమ్మలో నీళ్ళ కింద చేపలు కనిపించడం, ఇంటి గోడలోంచి లోపలి మంచం కనిపించడం తప్పులు కావన్నమాట. చేపలు అక్కడున్నాయని పిల్లాడికి తెలుసు. కొట్టాయన నీళ్ళు చూశాడు, మావాడు చేపలు వేశాడు.

మనం పుస్తకాలు రాయక్కర్లేదు. బొమ్మ దించేటప్పుడు వెనక పెన్సిలుతో మూడు సంగతులు రాయండి. తేదీ, వయసు, పిల్ల చెప్పిన మాట ఒకటి, తన మాటల్లోనే. పెన్నుతో రాస్తే అటుపక్కకి ఊరుతుంది. "నల్లకాగితం, కరెంటు పోయింది, మామ్మ చీకట్లో ఉంది" అని నేను రాసుకున్నాను. ఆ ముక్క లేకపోతే పదేళ్ళ తరవాత అది ఉత్త నల్లకాగితం.

దిగినవాటిని ఏం చెయ్యాలి? వారానికి ముప్ఫై కాగితాలు తెచ్చే పిల్ల ఉంటే అన్నీ దాచడం అయ్యేపని కాదు. నెలకోసారి పిల్లనే కూర్చోబెట్టి అయిదు ఎంచమనండి. మిగతావాటికి ఫోటోలు తియ్యండి. వీధరుగు మీద, పొద్దున్నపూట, నీడలో కాగితం పరిచి నిలబడి నిటారుగా తీస్తే ఫ్లాష్ అక్కర్లేదు. ఫ్రాన్సులో ఉన్న మేనత్తకో, హైదరాబాదులో ఉన్న పిన్నికో ఒకటి పంపండి. ఊరూ బడీ పేర్లతో సహా అందరూ చూసేచోట మాత్రం పెట్టకండి. ఫోటోలు తీశాక ఆ కాగితాలు ఉత్తరాల కవర్లవుతాయి, అట్టలవుతాయి, చుట్టాలకిచ్చే చేగోడీల పొట్లాలవుతాయి. అడక్కుండా భోగిమంటలో మాత్రం వెయ్యకండి. ఒకసారి మా ఇంట్లో పాత పేపర్లతో పాటు ఒక కట్ట వెళ్ళిపోయింది, ఎవరి చేత్తో వెళ్ళిందో చెప్పను గానీ ఆ చెయ్యి ఇప్పుడు ఇది రాస్తోంది. ఆ సంక్రాంతి మూడురోజులూ చిన్నది నాతో మాట్లాడలేదు.

ఉంచుకున్న అయిదింటినీ మధ్యమధ్య తెల్లకాగితం పెట్టి, ప్లాస్టిక్ ఫైల్లో వేసి, బీరువా పై అరలో పెట్టండి. పై అర అని ఎందుకంటున్నానంటే, 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు, 2022 జూలైలో గోదారి మళ్ళీ యానాం వీధుల్లోకి వచ్చింది. మంచం కింది పెట్టెలు మొదట తడుస్తాయి. చెప్పులపెట్టెల్లో వచ్చే చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు రెండు ఫైల్లో వెయ్యండి. ఎండిన వేపాకు పెద్దవాళ్ళ అలవాటు, వేసుకోండి, కానీ ఏడాదికి రెండుసార్లు తీసి గాలికి ఆరబెట్టకపోతే ఏ ఆకూ కాపాడదు.

కొన్ని బొమ్మలు మనం దాచకపోయినా ఉండిపోతాయి, అదో విచిత్రం. రష్యాలో నొవ్‌గొరోద్ అనే పాతనగరంలో 1956లో తవ్వుతుంటే ఒన్‌ఫిమ్ అనే కుర్రాడి కాగితాలు దొరికాయి. కాగితాలంటే భూర్జపత్రాలు. పదమూడో శతాబ్దంవి. ఆరేడేళ్ళవాడు. అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ విసుగొచ్చి, గుర్రమెక్కి శత్రువుని బల్లెంతో పొడుస్తున్నట్టు తన బొమ్మ వేసుకున్నాడు, పక్కన తన పేరు రాసుకున్నాడు. ఇంకోచోట ఒక క్రూరమృగం వేసి, అది తనేనని రాశాడు. అక్కడి తడిమట్టిలో గాలి చొరబడక ఏడువందల ఏళ్ళు నిలిచాయి. మన తడి అలాంటిది కాదు, ఏడు నెలలు కూడా ఆగదు.

ఇక ఏడాదికోసారి పెద్దపండగ. మన వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు కదా, మెట్లు మెట్లుగా, మూడో అయిదో ఏడో. కింది మెట్టు పిల్లలకి ఇచ్చెయ్యండి. ఏడాదిలో ఎంచుకున్న బొమ్మల్లోంచి మళ్ళీ వాళ్ళే ఎంచి, అట్టలకి ఆనించి నిలబెడతారు. మట్టి ఎలుకలూ అక్కడికే. పేరంటానికి వచ్చిన ముత్తయిదువలకి రాముడి పట్టాభిషేకం చూపించేది మనమైతే, కింది మెట్టు సంగతి పిల్ల చెప్తుంది. వచ్చినవాళ్ళు వంగి చూడాలి, అదే దాని గొప్ప. మొన్నటి కొలువులో నల్లకాగితం ముందు వంగిన ఆవిడ ఒకరు "ఇదేంటమ్మా?" అనబోయి, మా అత్తగారి వైపు చూసి, నాలిక్కరుచుకుని "దీని సంగతేంటో చెప్పు తల్లీ" అన్నారు. అత్తగారు ఆవిడకి ముందే పాఠం చెప్పినట్టున్నారు.

పెద్దాడి పటం మొన్న వేసవిలో దించాం. వాడే అడిగాడు. వెనక అట్ట విప్పి కాగితం పట్టుకుని లాగితే రాలేదు. ఆరు ఎండాకాలాల వేడికి మైనం అద్దానికి అతుక్కుపోయింది. మెల్లగా గోటితో ఊడదీస్తే వంతెన కాగితంతో వచ్చింది, బోటూ వచ్చింది. చేపల్లో నాలుగు మాత్రం అద్దం మీదే ఉండిపోయాయి. వాడు అద్దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి పట్టుకున్నాడు. ఎండలో నీలం, నారింజ చేపలు నేల మీద పడ్డాయి. చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ అద్దం అంచులకి టేపు చుట్టి ఇప్పుడు వాడి గది కిటికీలో పెట్టుకున్నాడు, స్నేహితులకి చూపిస్తున్నాడు కూడా.

హాల్లో మేకు ఊడదీద్దామని మా ఆయన సుత్తి తెచ్చేలోపు చిన్నది స్టూలు వేసుకుని ఆ మేకుకి తన పరీక్ష ప్యాడ్ తగిలించింది. వెంకటేశ్వరస్వామికీ తాతయ్యకీ మధ్యలో. ఎత్తు ఎక్కువైంది, నా కొలతల ప్రకారం తప్పు. అడిగితే, "ఇది తాతయ్యకి కనబడాలి కదా" అంది.